అమ్మ బుగ్గకు తుప్పు

ఆ వీధిలో ఆవిడకి సొంత పేరంటూ ఒకటి ఉండేదని గుర్తున్నవాళ్లు తక్కువ. పిల్లలు తుప్పత్త అన్నారు, పిల్లల్ని చూసి పెద్దలూ అన్నారు, చివరికి కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చినవాడు కూడా "తుప్పత్తగారిల్లు ఇదేనాండీ?" అని అడిగాడు. ఆవిడ ఏమీ అనుకోలేదు. "తుప్పంటే నాకేం నామోషీ? మీ మొహాల్లా పైన పూత పూసుకుని లోపల పుచ్చిపోలేదు కదా" అంది. పాపం, అతను బిల్లు గుమ్మంలో పెట్టి కాలికి బుద్ధి చెప్పాడు.

ఇనుప తుక్కుతో బొమ్మలు చేయడం ఆవిడ పని. నిలబెట్టే బొమ్మలు కావు, గోడకి తగిలించేవి. వెనక ఒక రేకు పలక ఉంటుంది. దాని మీద విరిగిన తాళం కప్పలూ, సైకిలు మడ్‌గార్డులూ, తలుపు గొళ్లేలూ, బకెట్ల అడుగులూ పేర్చి బిగిస్తే, పలకలోంచి ఒక మనిషి మొహం బయటికి తోసుకొస్తున్నట్టు ఉంటుంది. రంగు వేయదు. తుప్పులో ఉన్న రంగులే ఆవిడ రంగులు. వానకి తడిసిన కొత్త తుప్పు పసుపు కలిసిన ఎరుపు, మట్టిలో ఏళ్లు మగ్గింది దాదాపు నలుపు, నూనె తాగింది గోధుమ రంగు, మంట చూసిందానిలో ఊదా చార. నుదుటికి ఒక తుప్పు, ముక్కు పక్క నీడకి ఇంకో తుప్పు. ఇవన్నీ ఆవిడకి ఎవరూ నేర్పలేదు. నేర్పుతామని వచ్చిన ఒకరిద్దర్ని గుమ్మంలోంచే పంపేసింది.

ఆవిడకి కొన్ని పట్టింపులున్నాయి. ముక్కని కొనకూడదు. ఒకర్ని అడగకూడదు. బాగున్న వస్తువుని విరగ్గొట్టకూడదు. నేల మీద దొరకాలి. దొరికిందాన్ని సెగకి చూపించకూడదు, వెల్డింగు వేడి తగిలితే తుప్పు రంగు చచ్చిపోతుంది. అందుకే వెనక చట్రం మాత్రం వెల్డింగు చేసి, పైన రేకుల్ని కన్నాలు పొడిచి రివెట్లతో బిగించేది. ఇనుము మీద ఉప్పునీళ్లు చల్లి తొందరగా తుప్పు పట్టించేవాళ్లంటే మాత్రం ఒళ్లు మంట. "అది దొంగ తుప్పు. పచ్చికాయకి మందు పెట్టి పండిందని అమ్మడం లాంటిది" అనేది.

పెళ్లయింది, వెళ్లింది, ఏడాది తిరక్కుండా వచ్చేసింది. ఎందుకొచ్చేశావని అడిగినవాళ్లకి ఒకటే జవాబు. "స్టీలు గిన్నెలాంటి మనిషి. తళతళలాడతాడు, కొడితే మోత తప్ప ఏం లేదు." అప్పటినుంచీ తమ్ముడి షాపు వెనక గదిలోనే ఉంది.

ఆ షాపు ఒకప్పుడు వాళ్ల నాన్న కొలిమి. నాన్న ఇనుము కొట్టేవాడు, అమ్మ తిత్తి ఊదేది. అమ్మ ముందు పోయింది, తమ్ముడు ఇంకా చంకదిగని వయసులో ఉండగానే. నాన్న చాలా ఏళ్లకి పోయాడు. కొలిమి తమ్ముడికి వచ్చింది, నాన్న సుత్తి అక్కకి వచ్చింది. తమ్ముడు కొలిమి పూడ్చేసి గేట్లూ గ్రిల్లులూ చేసే షాపు పెట్టాడు. గేటు మీద సూర్యుడు కావాలంటే సూర్యుడు, సింహం కావాలంటే సింహం. ఆ సింహాలు జలుబు చేసిన పిల్లుల్లా ఉంటాయని అక్క గోల. అయినా జనం ఎగబడి చేయించుకునేవాళ్లు. జనం రుచుల గురించి ఆవిడకి మొదట్నుంచీ మంచి అభిప్రాయమేమీ లేదు.

గేటు తయారవగానే తమ్ముడు దానికి రెడాక్సైడు కొట్టేవాడు. తుప్పు పట్టకుండా ముందుగా వేసే ఇటుక రంగు పూత. అందరూ డబ్బాలోంచి తీసి అలాగే పూస్తారు, ఇతను మాత్రం అందులో చిటికెడు నల్లరంగు కలిపేవాడు. "నేను కలిపిన రంగు వేసిన గేటు మనవల కాలం దాకా ఉంటుంది" అని ఒకటే డప్పు. అక్క అతన్ని డబ్బారాయుడు అని పిలిచేది. జన్మంతా ఒకరు తుప్పుని చంపుతూ, ఒకరు పెంచుతూ, ఒకే రేకుల కప్పు కింద బతికారు. ఇతను ఆవిడ బొమ్మల్ని ఏనాడూ బాగున్నాయనలేదు, బాగాలేవనీ అనలేదు. ఆవిడ మాత్రం ఇతని గేట్లని తిట్టని రోజు లేదు.

ఒకసారి మరదలికి సరదా పుట్టింది. షాపులో పడున్న రెడాక్సైడు పూసిన రేకు ముక్క ఒకటి తీసి, మట్టిలో పొర్లించి, "వదినా, మీకోసం కాలవ పక్కన దొరికింది, ఎంత బాగా తుప్పు పట్టిందో చూడండి" అంటూ తెచ్చింది. తుప్పత్త గది గుమ్మంలోనే ఉంది, ముక్క ఇంకా అవతల మరదలి చేతిలో ఉంది. "అది మీ ఆయన డబ్బాలోది. పట్టుకెళ్లి ఆయన మెడలోనే వెయ్యి" అంది. షాపంతా నవ్వారు. తమ్ముడూ నవ్వాడు, షాపులో పనిచేసే ముసలి మేస్త్రీ అయితే నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ ఊపులో ఆవిడ సుత్తి పైకెత్తి అందరికీ వినపడేలా అంది. "పూతకీ తుప్పుకీ తేడా తెలియని రోజున ఈ సుత్తి తెచ్చి నీ బల్ల మీద పెట్టేస్తానురా డబ్బారాయుడా. మళ్లీ ముట్టుకోను."

అప్పటికి ఆవిడ కళ్లు బాగుండేవి.

తర్వాత్తర్వాత చూపులో ఏదో తేడా మొదలైంది. చుట్టుపక్కలంతా బాగానే కనపడేది, సరిగ్గా దేన్ని చూస్తుందో అక్కడే బొటనవేలితో పులిమినట్టు మసక. ఎదుటి మనిషి మొహం చూడాలంటే తల పక్కకి తిప్పి కంటికొసతో చూడాల్సి వచ్చేది. వీధిలో వాళ్లు ఇది పొగరనుకున్నారు. "చూశావా, మనిషిని తిన్నగా చూడను కూడా చూడదు" అనుకున్నారు. ఆవిడ అలాగే అనుకోనిచ్చింది. పొగరని అనుకుంటే పోయేదేముంది, గుడ్డిదని అనుకుంటేనే కష్టం. కంటి డాక్టరు దగ్గరికి ఒక్కసారి రహస్యంగా వెళ్లింది. కంటి వెనక పొర పాడైందనీ, పోయింది తిరిగి రాదనీ, ఇక ఆ పని మానేయమనీ అతను చెప్పాడు. "కుర్రకుంక, వాడికేం తెలుసు" అని తనలో తాను తిట్టుకుంటూ నడిచొచ్చింది. ఆ వేళ అన్నం తినలేకపోయింది. భయం వేసింది ఆవిడకి. పని లేకపోతే తనెవరో తనకే తెలియదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తమ్ముడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కొత్తిల్లు కట్టుకున్నాడు, అప్పటికి సామాను కూడా దింపుతున్నారు. నీళ్లు నములుతూ అడిగాడు.

"అక్కా, వసారా గోడ ఖాళీగా ఉంది."

"నీ సింహం ఒకటి పెట్టుకో."

"అది కాదక్కా. అమ్మ బొమ్మ చేసిపెట్టు."

అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. ఫోటోగ్రాఫరు వచ్చినప్పుడల్లా పొగ మొహమంటూ పక్కకి తప్పుకునేదావిడ.

"నాకు అమ్మ మొహం గుర్తులేదు" అన్నాడు తమ్ముడు. "నీకొక్కదానికే తెలుసు. నువ్వు చేస్తే నేను చూస్తాను."

"ఇన్నాళ్లూ నా బొమ్మలు చూడ్డానికి తీరికలేదు దొరగారికి" అని మూతి విరిచింది. అయినా మర్నాటి నుంచే సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది.

ఆ పని మీద ఆవిడ పడ్డ తపన అంతా ఇంతా కాదు. పాత బస్సుల షెడ్డు వెనకా, కూలగొట్టిన ఇళ్ల చెత్తలోనూ, కాలవ గట్లంటా తిరిగింది. వంగిన తలుపు బందు ఒకటి ముక్కయింది. రెండుగా విరిగిన తాళం కప్ప రెండు కనురెప్పలయింది. తెగిన ఇనుప తాడు పోచలు విప్పితే జుట్టయింది. లాడం ముక్కలతో పెదవులు. ఒక్కోదాన్నీ కంటికొసతో చూసి, బొటనవేలితో రుద్ది, వేలికి అంటిన పొడి చూసుకుని, అప్పుడు సంచీలో వేసేది. మొహం అంతా కుదిరింది. కుడి బుగ్గ ఒక్కటే కుదరలేదు.

తిత్తి ఊదేటప్పుడు అమ్మ కుడివైపు కొలిమికి ఉండేది. ఊది ఊది లేచినప్పుడు ఆ బుగ్గ ఒక్కటీ ఎర్రగా కందిపోయి ఉండేది. రక్తం ఎరుపు కాదు, ఇటుక ఎరుపు కాదు, ఆ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆ ఎరుపు దొరికితేనే అది అమ్మ, లేకపోతే ఎవరో ఒక ఆడమనిషి. తుప్పత్త ఎన్ని రేకులు ఏరినా ఏదో ఒక తేడా. ఏ తేడానో చెప్పలేకపోయేది. ఎందుకంటే ఎరుపులన్నీ ఆవిడకి ఒకటిగానే కనపడడం అప్పటికే మొదలైంది. ఆ సంగతి తనకి తాను కూడా ఒప్పుకోలేదు.

చివరికి దొరికింది. ఎక్కడో కాదు, తమ్ముడి షాపు గోడ వెనక గడ్డిలో. గుండ్రంగా వంగిన రేకు, కొలత తీసినట్టు బుగ్గంత ఉంది. ఎండకేసి పట్టుకుని తల పక్కకి వంచి చూసింది. ఎరుపు. బొటనవేలితో రుద్దింది. వేలికి ఎర్రటి పొడి అంటింది. "ఇన్నాళ్లూ ఇక్కడే పడుండి నన్ను ఊరంతా తిప్పావు కదే" అని దాన్ని ముద్దుగా తిట్టి, గదిలోకి తెచ్చి, ఆ పూటే బిగించేసింది.

అది తుప్పు కాదు. తమ్ముడు ఏనాడో పాడైందని పారేసిన గేటు ముక్క, దాని మీద అతని రెడాక్సైడు. ఏళ్ల తరబడి ఎండా వానా తింటే పూత కూడా పొడి రాలి వేలికి అంటుతుంది. మునుపటి తుప్పత్త అయితే దాన్ని గుమ్మంలోంచే పట్టేసేది.

బొమ్మని కొత్తింటి వసారాకి మేస్త్రీ తోపుడు బండి మీద తెచ్చాడు. మేస్త్రీ, తమ్ముడు కలిసి గోడకెత్తి బోల్టులు బిగించారు. కప్పిన గోనెపట్టా మరదలు తీసింది. తుప్పత్త నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

ముందుగా మేస్త్రీయే నోరు తెరిచాడు. "అక్కగారూ, ఈ బుగ్గ..."

"మేస్త్రీ, వాషర్లు తెచ్చావా?" అన్నాడు తమ్ముడు గబుక్కున.

"జేబులో ఉన్నాయి కదండీ, ఇప్పుడే వేశాం కూడా..."

"అవి కాదు, పెద్దవి. షాపులో ఉన్నాయి. వెళ్లి పట్రా. ముందు నువ్వు వెళ్లు."

మేస్త్రీ అడుగుల చప్పుడు వీధిలోకి పోయింది. తుప్పత్తకి ఒళ్లు మండింది. "వాడేదో అంటున్నాడు, అననివ్వవేం?"

"బాగుందంటున్నాడు."

"వాడికేం తెలుసు బాగుందో లేదో! నువ్వు చెప్పు."

తమ్ముడు బిగించిన బోల్టునే మళ్లీ బిగిస్తూ అన్నాడు. "బాగుందక్కా. చాలా బాగుంది."

జన్మలో మొదటిసారి అన్నమాట అది. తుప్పత్త దాన్ని నమ్మలేదు, కానీ పారేసుకోలేదు కూడా. "అయితే నీ గేట్ల మీద సింహాలు మానెయ్యి ఇకనైనా" అని దులిపేసి ఇంటికొచ్చింది. దారి పొడుగునా ఆ మాటే తల్చుకుంది. పైకి మాత్రం ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ ఏదో ఒకటి అంటూనే ఉంది.

వానలు వచ్చాయి, వెళ్లాయి. ఆ వానాకాలమంతా తుప్పత్త కొత్త బొమ్మ మొదలుపెట్టలేదు. అడిగితే ముక్కలు దొరకడంలేదంది. షాపుకి వచ్చిన మరదలు ఒకరోజు ఆవిడ దగ్గర కూర్చుని గోడు వెళ్లబోసుకుంది.

"మీ తమ్ముడికి ఏం రోగమో వదినా, ఇంట్లో ఉప్పు నిలవడంలేదు. నిన్న తెచ్చిన పొట్లం ఇవాళ ఖాళీ. అడిగితే నోరు విప్పరు."

"తినేస్తున్నాడేమో. వాడి ముఖానికి ఆమాత్రం ఉప్పూకారం అవసరమే" అంది తుప్పత్త.

అంది గానీ, మరదలు వెళ్లాక ఆ మాట చెవిలో ఉండిపోయింది. ఉప్పుతో వంటింట్లో కాకుండా మగవాడికేం పని? ఇనుము పని చేసేవాడికి ఏం పని ఉంటుందో ఆవిడకి తెలుసు. చెప్పులు వేసుకుని తిన్నగా కొత్తింటికి నడిచింది.

వసారాలో ఎవరూ లేరు. గోడ దగ్గరికి వెళ్లి, చూడ్డానికి ప్రయత్నించకుండా, చెయ్యి వేసింది. నుదురు గరుకుగా, చల్లగా. ముక్కు, రెప్పలు తను ఎలా వదిలిందో అలాగే ఉన్నాయి. కుడి బుగ్గ మీదికి వచ్చేసరికి బొటనవేలు ఆగింది. అక్కడ తుప్పు పిండిలా రాలుతోంది. దాని కింద గీతలున్నాయి. పైనుంచి కిందకి, పైనుంచి కిందకి, ఇనుము రుద్దే ఎమరీ కాగితంతో తిన్నగా గీసిన గీతలు. వేలు నాలిక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది.

ఎందుకిలా చేశాడు? గోటితో రివెట్టు అంచు చుట్టూ తడిమింది. కాగితం అందని ఆ సందులో గోటికి ఒక పొర తగిలింది. నున్నటి, పలచటి పొర. పెచ్చు లేచి వేలి మీద పడింది. ఇనుము మీద అలాంటి పొర కట్టేది ప్రపంచంలో ఒక్కటే, దాన్ని ఆవిడ జన్మంతా తిట్టిపోసింది.

తుప్పత్త వసారా అరుగు మీద కూలబడింది. అమ్మ బుగ్గకి పూత రేకు బిగించింది తనే. మేస్త్రీ చూశాడు. తమ్ముడు చూశాడు. తను ఒక్కతే చూడలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని ఎలా నిలబడిందో గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

మధ్యాహ్నం తిండికి వచ్చిన తమ్ముడు అరుగు మీద అక్కని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఒరేయ్, ఇలా రా. చెయ్యి ఇవ్వు."

ఇచ్చాడు. ఆవిడ ఆ వేళ్లు తడిమింది. ఉప్పునీళ్లకి చర్మం చిట్లి ఉంది, చిట్లినచోట తుప్పు ఇంకిపోయి ఉంది.

"ఎప్పట్నుంచి?"

"బిగించిన మర్నాటి నుంచి."

"ముందే తెలుసన్నమాట."

"నేను కలిపిన రంగు నాకు తెలియదా అక్కా. నల్లరంగు వేసేది నేనొక్కణ్ణే కదా."

"ఏం గీకావురా అది! గేటు బద్దకి కొట్టినట్టు పైనుంచి కిందకి కొట్టావు. అది అమ్మ బుగ్గ. గుండ్రంగా కొట్టాలి."

"నాకు వచ్చింది అదే."

"ఉప్పు కూడా ఎక్కువేశావు. దొంగ తుప్పు. నా బొమ్మ మీద, నాకు చెప్పకుండా..." అని ఆగిపోయింది. అతని చెయ్యి వదిలేసి మామూలు గొంతుతో అంది. "రేపు సుత్తి నీ బల్ల మీద పెట్టేస్తాను."

"ఎందుకు?"

"అన్నాను కనక."

"ఎప్పుడో నవ్వులాటకి అన్నమాట అది. ఎవరికి గుర్తుందక్కా? నీ మరదలు ఎప్పుడో మర్చిపోయింది. మేస్త్రీకి పొద్దున అన్నమాట సాయంత్రానికి ఉండదు. నేను ఆ వేళ వినలేదనుకో. ఇంకెవరు విన్నారని?"

"నేను విన్నాను కదరా" అంది తుప్పత్త.

తమ్ముడు వచ్చి పక్కన అరుగు మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద అమ్మ. తుప్పత్త తల పక్కకి వంచి చూసింది. జుట్టు కనపడింది, చెవి కనపడింది. బుగ్గ కోసం చూపు జరిపితే మసక కూడా దానితోపాటే జరిగింది.

"ఇప్పుడు ఏ రంగులో ఉందిరా?"

"ఎరుపు."

"ఎరుపంట! డబ్బా మీద రాసింది చదివినట్టు. ఏ ఎరుపు?"

తమ్ముడు బుర్ర గోక్కున్నాడు. జన్మంతా రంగుని డబ్బాల లెక్కన తప్ప చూడనివాడు. చాలాసేపు బొమ్మకేసి చూశాడు.

"తిత్తి ఊది ఊది కొలిమి దగ్గర్నుంచి లేచొచ్చి నన్ను ఎత్తుకునేది చూడు" అన్నాడు. "నా చెంపకి వేడిగా తగిలేది. ఆ ఎరుపు."

"అమ్మ మొహం గుర్తులేదన్నావు."

"లేదు. మొన్న వాన వెలిశాక దీనికి రంగెక్కింది. అప్పుడు గుర్తొచ్చింది."

తుప్పత్త ఆ ఎరుపు కోసమే ఊరంతా తిరిగింది. అది ఇప్పుడు ఎదురుగా గోడ మీద ఉంది. ఆవిడ మొహం తిప్పుకుని పైటచెంగుతో కళ్లు గట్టిగా ఒత్తుకుంది.

"డబ్బారాయుడివి" అంది. "ఇన్నాళ్లకి ఒక్క రంగు సరిగ్గా చెప్పావు."

మర్నాడు పొద్దున షాపు తెరవగానే నాన్న సుత్తి తెచ్చి తమ్ముడి బల్ల మీద పెట్టింది. మేస్త్రీ అడ్డంగా ఉందని తీసి పక్కన పెట్టబోతే, ముట్టుకోవద్దన్నాడు తమ్ముడు.